మడిగెల భవనం

మడిగెల భవనం అనగా కింది అంతస్తులో వీధివైపు తెరుచుకునే దుకాణపు గదులు, పై అంతస్తులలో నివాసాలు గాని కార్యాలయాలు గాని ఉండే చిన్న వాణిజ్య భవనం. దుకాణపు గదిని తెలంగాణలో మడిగె అంటారు. హైదరాబాదు నగరంలో మల్గీ అనే మాట కూడా వాడుకలో ఉన్నది. కోస్తా జిల్లాలలో ఇదే గదిని కొట్టు అంటారు. నగరాలలోని వీధులలో అధిక భాగం ఇటువంటి చిన్న భవనాలతోనే ఏర్పడినది. పర్యావరణానికి హాని తగ్గించి, వీధిలో నడిచేవారికి నీడను, భద్రతను ఇచ్చే విధంగా వీటిని నిర్మించే పద్ధతి గురించి ఈ వ్యాసం వివరిస్తుంది. హైదరాబాదు తూర్పు భాగంలోని మన్సూరాబాద్, ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాలను ఇందుకు ఉదాహరణగా తీసుకోవడం జరిగినది.

స్వరూపం

మడిగె సాధారణంగా సుమారు పది అడుగుల వెడల్పు, అంతకంటే ఎక్కువ లోతు గల గది. ముందు భాగమంతా ఇనుప షట్టరు ఉంటుంది. వెనుక గోడకు కిటికీ ఉండడం అరుదు. పక్కపక్కన మూడు నాలుగు మడిగెలు, వాటి పక్కన పైకి వెళ్ళే మెట్లు, పైన రెండు మూడు అంతస్తులు ఉంటాయి. కిరాణా దుకాణం, మందుల దుకాణం, టైలరు, హోటలు, మొబైలు రిపేరు వంటివి కింద నడుస్తాయి. ట్యూషన్ కేంద్రం, దంత వైద్యశాల, బ్యూటీ పార్లర్, లేదా యజమాని కుటుంబం పైన ఉంటాయి.

ఈ భవనానికి నాలుగు వైపులు ఉన్నప్పటికీ నిజమైన ముఖం ఒక్కటే. రెండు పక్కల పొరుగు భవనాలు దగ్గరగా ఉండుటచేత వెలుతురు, గాలి, గిరాకీ మూడూ వీధివైపు నుండే వస్తాయి. ఎండ, దుమ్ము, వరద నీరు కూడా అటునుండే వస్తాయి. కనుక వీధికి, భవనానికి మధ్యనున్న ఒకటి రెండు మీటర్ల స్థలాన్ని ఎలా తీర్చిదిద్దుతారన్న దానిమీదనే భవనం మంచిచెడ్డలు ఎక్కువగా ఆధారపడి ఉంటాయి.

చారిత్రక నేపథ్యం

తెలుగు ప్రాంతాల పాత ఇళ్ళలో వీధికి, ఇంటికి మధ్య అరుగు ఉండేది. దారిన పోయేవారు అరుగు మీద కూర్చునేవారు. వ్యాపారం చేసేవారి ఇళ్ళలో ముందు గది దుకాణంగా, వెనుక భాగం నివాసంగా ఉండేవి. దుకాణానికి పలకల తలుపులు ఉండేవి. పొద్దున ఒక్కొక్క పలకను తీసి, రాత్రి వరుసగా బిగించేవారు. అరుగుపైకి దిగిన పెంకుల చూరు ఎండను, వానను ఆపేది.

హైదరాబాదు నగరాన్ని 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మించాడు. నగర ప్రణాళికను ప్రధాన మంత్రి మీర్ మోమిన్ అస్త్రాబాదీ రూపొందించాడు. చార్మినార్ నుండి నాలుగు దిక్కులకు సాగే దారుల వెంట బజార్లు ఏర్పడ్డాయి. అనగా ఈ నగరంలో దుకాణాల వీధి తరువాత వచ్చి చేరినది కాదు, మొదటినుండీ ప్రణాళికలో భాగమే.

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద నగరాన్ని అతలాకుతలం చేసినది. తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై వరద నివారణకు జలాశయాలు నిర్మించారు. నగరాన్ని తీర్చిదిద్దడానికి ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పాటయినది. ఈ మండలి నిర్మాణాలలో పత్తర్‌గట్టి మడిగెల వరుస ముఖ్యమైనది. రాతి కమానుల వెనుక లోతైన వసారా, వసారా లోపల దుకాణాలు, పైన గదులు ఉండుట దీని ప్రత్యేకత. నడిచేవారు ఎండ తగలకుండా ఒక దుకాణం నుండి మరొక దుకాణానికి వెళ్ళగలరు. 1935లో గ్రానైటు రాతితో నిర్మించిన మొజంజాహీ మార్కెట్‌లో కూడా ఇదే సూత్రం కనిపిస్తుంది. శిథిలావస్థకు చేరిన ఈ మార్కెట్‌ను మరమ్మతు చేసి 2020 ఆగస్టులో తిరిగి ప్రారంభించారు.

ఈ రెండు నిర్మాణాలనుండి గ్రహించవలసిన విషయం కమాను ఆకారం కాదు, నీడ. కమానులను సిమెంటుతో అనుకరించి వసారాను వదిలివేసిన భవనాలు చూడడానికి పాతవాటిలా ఉండవచ్చును గాని, వాటి పనిని చేయలేవు.

మన్సూరాబాద్ పరిసరాలు

మన్సూరాబాద్ రంగారెడ్డి జిల్లాలో ఎల్.బి.నగర్, నాగోల్, వనస్థలిపురం ప్రాంతాలకు చేరువలో ఉన్నది. విజయవాడ వెళ్ళే జాతీయ రహదారి, వనస్థలిపురం వద్దనున్న మహావీర్ హరిణ వనస్థలి దీనికి దగ్గరలోనే ఉన్నాయి. ఊరి చెరువులు నేటికీ ప్రాంతపు భౌగోళిక స్వరూపాన్ని గుర్తుచేస్తాయి. 2007 ఏప్రిల్ 16న 12 పురపాలక సంఘాలను, 8 గ్రామ పంచాయతీలను హైదరాబాదు నగరపాలక సంస్థతో కలిపి గ్రేటర్ హైదరాబాద్‌ను ఏర్పాటు చేసినపుడు, ఆ పన్నెండింటిలో ఎల్.బి.నగర్ ఒకటి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు ప్రారంభమయినది.

దిల్‌సుఖ్‌నగర్ చాలాకాలంగా పెద్ద వ్యాపార కేంద్రం. కోచింగు కేంద్రాలు, హాస్టళ్ళు, బట్టల దుకాణాలు అక్కడ కిక్కిరిసి ఉంటాయి. మన్సూరాబాద్ వంటి కాలనీలలో మార్పు మరొక విధంగా వచ్చినది. ఇళ్ళకోసం చేసిన ప్లాట్లలో, కాస్త వెడల్పైన దారి వెంట ఉన్నవి క్రమంగా మడిగెలుగా మారాయి. ఇంటి ప్రహరీ ఉన్నచోట షట్టర్లు వచ్చాయి. పూలమొక్కలున్న ముందు ఖాళీ స్థలం ద్విచక్ర వాహనాలు నిలిపే చోటుగా మారినది. ఇంటికోసం ఉద్దేశించిన స్థలంలో బజారు వచ్చినపుడు కలిగే ఇబ్బందులే ఈ ప్రాంతపు భవనాల ముఖ్య సమస్య.

వీధితో సంబంధం

కాలిబాట

భారత రోడ్డు కాంగ్రెస్ రూపొందించిన 103వ సంఖ్య మార్గదర్శకాల ప్రకారం నివాస ప్రాంతాలలో కాలిబాటపై నడవడానికి కనీసం 1.8 మీటర్లు, వాణిజ్య ప్రాంతాలలో 2.5 మీటర్లు అడ్డంకి లేకుండా ఉండాలి. ఆచరణలో మడిగెల మెట్లు, జనరేటర్లు, బోర్డులు, సరుకుల పెట్టెలు ఈ వెడల్పును ఆక్రమిస్తాయి. ఫలితంగా పిల్లలు, వృద్ధులు వాహనాల మధ్య నడవవలసి వస్తుంది. మెట్లను, ర్యాంపును యజమాని తన స్థలంలోనే పూర్తిచేయుట వీధికి అనుకూలమైన భవనానికి మొదటి లక్షణం.

నేల మట్టం

దుకాణపు నేల ఎంత ఎత్తులో ఉండాలన్నది చిన్న ప్రశ్నగా కనిపించినా, అందులో రెండు విరుద్ధమైన అవసరాలున్నాయి. వాన నీరు లోపలికి రాకూడదంటే నేల ఎత్తుగా ఉండాలి. చక్రాల కుర్చీలో వచ్చేవారు, మోకాళ్ళ నొప్పులున్నవారు లోపలికి రావాలంటే నేల తక్కువ ఎత్తులో ఉండాలి. ర్యాంపు వాలు 1:12 కంటే నిటారుగా ఉండరాదు. అనగా నేల 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ర్యాంపు పొడవు 5.4 మీటర్లు కావాలి. మడిగె ముందు అంత స్థలం ఉండదు.

దీనికి పరిష్కారం ర్యాంపును వీధికి అడ్డంగా కాక, భవనం ముఖానికి సమాంతరంగా, అరుగులో భాగంగా కట్టడం. అప్పుడు అన్ని మడిగెలకూ ఒకే ర్యాంపు సరిపోతుంది. వసారా అంతా ఒకే మట్టంలో ఉంటుంది. ప్రతి దుకాణానికీ విడివిడిగా మెట్లు కట్టే అవసరం తప్పుతుంది.

రోడ్డు మట్టాన్ని కూడా గమనించాలి. పాత తారును తొలగించకుండా కొత్త పొర వేసిన ప్రతిసారీ రోడ్డు ఎత్తు పెరుగుతుంది. కొన్ని సంవత్సరాలకు మడిగె నేల రోడ్డు కంటే దిగువకు చేరుతుంది. అందుచేత నేల మట్టాన్ని నిర్ణయించేటపుడు నేటి రోడ్డును మాత్రమే కాక, ఆ వీధిలో పాత భవనాల గడపలు ఎంత లోతుకు పోయాయో కూడా పరిశీలించుట మంచిది.

వీధిపై చూపు

అమెరికా రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో ప్రచురించిన గ్రంథంలో నగర వీధుల భద్రతకు కారణం వీధిపై ఉండే కళ్ళే అని వాదించింది. దుకాణదారులు, పై అంతస్తుల నివాసులు, దారిన పోయేవారు ఒకరినొకరు చూస్తుండడమే వీధికి కాపలా అని ఆమె అభిప్రాయం. కింద మడిగెలు, పైన ఇల్లు ఉన్న భవనం ఈ పనిని సహజంగానే చేస్తుంది. పగలు దుకాణదారు, రాత్రి పై అంతస్తు కుటుంబం వీధిని గమనిస్తారు. అయితే పై అంతస్తుల ముఖాన్నంతా అద్దాలతోనో, అల్యూమినియం పలకలతోనో, ఫ్లెక్సీలతోనో మూసివేస్తే ఈ ప్రయోజనం పోతుంది. సన్నని బాల్కనీ, తెరువగలిగే కిటికీ ఇందుకు అవసరం. రాత్రివేళ మూసిన షట్టర్ల వీధి చీకటిగా ఉంటుంది. వసారా పైకప్పుకు చిన్న దీపాలు అమర్చితే నడిచేవారికి ధైర్యంగా ఉంటుంది.

వీధి మూలమీద ఉన్న భవనం విషయంలో మూలను ఏటవాలుగా కోసి కట్టడం వలన మలుపు తిరిగే వాహనాలు, నడిచేవారు ఒకరికొకరు కనిపిస్తారు.

వీధి వ్యాపారులు

పండ్ల బండ్లు, టీ బండ్లు, చెప్పులు కుట్టేవారు కూడా వీధిలో భాగమే. వారి జీవనోపాధి రక్షణకు 2014లో పార్లమెంటు చట్టం చేసినది. భవనం అంచున గోడ గట్టుగా ఒక బల్ల వెడల్పు జాగా, ఒక చెట్టు నీడ విడిచిపెడితే నడిచేదారికి అడ్డంకి కాకుండా చిన్న వ్యాపారి కూడా నిలబడగలుగుతాడు. ఆ గట్టు మీద బస్సుకోసం, ఆటోకోసం వేచి ఉండేవారు కూర్చోవచ్చును. పాత ఇంటి అరుగు చేసిన పని ఇదే.

ఎండ, గాలి, వెలుతురు

హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. ఇంధన పొదుపు నియమావళి దీనిని మిశ్రమ శీతోష్ణస్థితి గల నగరంగా వర్గీకరించినది. మే నెల తొలిభాగంలోను, ఆగస్టు తొలిభాగంలోను మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ సమయంలో గోడలకంటే పైకప్పుపైనే ఎండ ఎక్కువగా పడుతుంది. కనుక పై అంతస్తు చల్లగా ఉండడానికి మొదట చూడవలసినది స్లాబును.

గోడలపై ఎండ దిక్కును బట్టి మారుతుంది.

* దక్షిణ ముఖం: చజ్జా చక్కగా పనిచేస్తుంది. 60 సెంటీమీటర్ల చజ్జా మార్చి, సెప్టెంబరు నెలల విషువత్తుల నాటి మధ్యాహ్నం సుమారు 190 సెంటీమీటర్ల మేర గోడకు నీడనిస్తుంది. డిసెంబరులో సూర్యుడు కిందికి జారడం వలన ఈ నీడ సుమారు 70 సెంటీమీటర్లకు తగ్గుతుంది. చలికాలంలో కొంత ఎండ లోపలికి రావడం మంచిదే.
* పడమర ముఖం: ఇది అన్నింటికంటే కష్టమైనది. మే నెలలో సాయంత్రం నాలుగున్నర గంటలకు సూర్యుడు క్షితిజం నుండి సుమారు 30 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు ఒక మీటరు చజ్జా 60 సెంటీమీటర్ల లోపు నీడను మాత్రమే ఇస్తుంది. మూడు మీటర్ల షట్టరు మొత్తానికి నీడ కావాలంటే ఐదు మీటర్లకు మించిన చజ్జా కావాలి. అది సాధ్యం కాదు. కాబట్టి నిలువు పలకలు, జాలీ గోడలు, చెట్లు, సాయంత్రం దించుకునే తడికెలు వాడాలి.
* తూర్పు ముఖం: పడమర వంటిదే గాని, ఉదయం గాలి చల్లగా ఉంటుంది కనుక బాధ తక్కువ.
* ఉత్తర ముఖం: వెలుతురు సమంగా వస్తుంది. వేసవి నెలలలో మాత్రం ఉదయం, సాయంత్రం కొంత ఎండ పడుతుంది.

వట్టివేరు తడికెలను నీటితో తడిపి వేలాడదీయడం తెలుగు ప్రాంతాలలో పాత పద్ధతి. పొడి వేసవిలో నీరు ఆవిరి అవుతూ గాలిని చల్లబరుస్తుంది. వానాకాలపు తేమలో ఈ పద్ధతి పనిచేయదు.

మడిగెకు ఒకవైపే తెరుపు ఉండుటచేత గాలి లోపలికి వచ్చినా బయటికి పోయే దారి ఉండదు. వెనుక గోడ పైభాగంలో కిటికీ గాని, మెట్ల గదిలోకి తెరుచుకునే గవాక్షం గాని పెట్టాలి. మెట్ల గది పైన గాలి పోయే ఏర్పాటు ఉంటే వేడి గాలి సహజంగా పైకి లేచి బయటికి వెళుతుంది. షట్టరుపైన జాలీ పట్టీ విడిచిపెడితే దుకాణం మూసిన తరువాత కూడా వేడి లోపల నిలవదు.

కానుగ, వేప వంటి చెట్లు వీధికి మంచి నీడనిస్తాయి. బోర్డు కనిపించదని దుకాణదారులు చెట్ల కొమ్మలు నరికించడం తరచుగా జరుగుతుంది. బోర్డును కొమ్మల కింద, వసారా అంచున పెడితే చెట్టూ బతుకుతుంది, బోర్డూ కనిపిస్తుంది. నడిచేవారి చూపు అంతకంటే పైకి వెళ్ళడం అరుదు.

వాన నీరు

హైదరాబాదులో సంవత్సరానికి సగటున సుమారు 800 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. 100 చదరపు మీటర్ల పైకప్పుపై ఏడాదికి 80,000 లీటర్ల నీరు పడుతుంది. అందులో ఐదో వంతు వృథా అయినా 64,000 లీటర్లు మిగులుతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, వాల్టా అని ప్రసిద్ధమైనది, వాన నీటి సంరక్షణకు చట్టబద్ధత కల్పించినది.

అయితే సగటు లెక్క ఒకటి, కుండపోత లెక్క మరొకటి. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదులో 24 గంటల వ్యవధిలో సుమారు 19 సెంటీమీటర్ల వర్షం నమోదయినది. నగరపు తూర్పు శివార్లలో కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ కురిసినది. ఎల్.బి.నగర్, సరూర్‌నగర్, నాగోల్ పరిసరాలలో అనేక కాలనీలు నీట మునిగాయి. 19 సెంటీమీటర్ల వాన పడితే 100 చదరపు మీటర్ల పైకప్పు నుండి 19,000 లీటర్లు ఒక్క రోజులో కిందికి వస్తాయి. రెండు మీటర్ల పొడవు, వెడల్పు, లోతు గల ఇంకుడు గుంతను రాళ్ళతో నింపితే అందులో ఒక్కసారిగా పట్టేది సుమారు 3,000 లీటర్లే. కనుక ఇంకుడు గుంతతోపాటు, పొంగిన నీరు ఎటు పోవాలో కూడా ముందే నిర్ణయించాలి. ఆ దారి మురుగు కాలువలోకి కాక వాన నీటి కాలువలోకి ఉండాలి. మురుగు గొట్టంలోకి వాన నీటిని వదిలితే వీధిలోని మ్యాన్‌హోళ్ళు పొంగుతాయి.

చెరువులకు, నాలాలకు దిగువన ఉన్న ప్రాంతాలలో సెల్లారు కట్టడం ప్రమాదకరం. సెల్లారులో విద్యుత్ మీటర్లు, నీటి మోటారు, సరుకు ఉంచితే ఒక్క వానతో నష్టం కలుగుతుంది. మనుషులు పనిచేసే గదులు అక్కడ ఉంటే ప్రాణాపాయం కూడా. మీటర్లను మొదటి అంతస్తు మెట్ల మలుపు ఎత్తులో అమర్చుట, ముందు ఖాళీ స్థలాన్ని సిమెంటుతో పూర్తిగా మూయక రాతి పలకల మధ్య సందులు విడుచుట, తక్కువ ఖర్చుతో చేయగలిగిన జాగ్రత్తలు.

నిర్మాణ సామగ్రి

తెలంగాణలో రాతికి కొరత లేదు. వికారాబాద్ జిల్లాలోని తాండూరు నాపరాయి నేలకు, వసారాకు అనువైనది. మెరుగు పెట్టని రాయి తడిసినా జారదు. నున్నని గ్రానైటు మెట్లు వానలో జారుడుగా ఉంటాయి. అయినప్పటికీ హోదాకు గుర్తుగా వాటినే ఎక్కువగా వాడుతున్నారు.

ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ విడిచే రాట్ ట్రాప్ పద్ధతిని భారతదేశంలో లారీ బేకర్ బాగా ప్రచారం చేశాడు. దీనివలన ఇటుకలు సుమారు నాలుగో వంతు ఆదా అవుతాయి. గోడలోని గాలి పొర వేడిని కొంత ఆపుతుంది. థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిదతో చేసిన ఇటుకలు వాడడం వలన పొలాల మట్టి తవ్వకం తగ్గుతుంది. గోడలకు సున్నపు పూత వేడిని తిప్పికొడుతుంది, ఖర్చు కూడా తక్కువ.

పడమర ముఖానికి పూర్తిగా అద్దాలు బిగించుట ఈ వాతావరణానికి సరిపడదు. లోపలికి వచ్చిన ఎండను తిరిగి బయటికి పంపడానికి ఏ.సి. నడపాలి. ఆ ఏ.సి. వదిలే వేడి గాలి కాలిబాటపై నడిచేవారి ముఖాన కొడుతుంది. బయటి యంత్రాలను పైకప్పుపైకి మార్చడం వీధిపట్ల కనీస మర్యాద.

పాత భవనం దృఢంగా ఉన్నపుడు కూల్చి కట్టడం కంటే మరమ్మతు చేసి వాడుకొనుట మేలు. అందులో ఇదివరకే ఖర్చయిన సిమెంటు, ఉక్కు, ఇటుక వృథా కావు.

పైకప్పు, విద్యుత్తు

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించినది. ఎండను తిప్పికొట్టే తెల్లని పూత, తెల్లని పెంకు పలకలు వంటివి ఇందులోకి వస్తాయి. ప్రభుత్వ భవనాలతోపాటు వాణిజ్య భవనాలకు స్థల విస్తీర్ణంతో నిమిత్తం లేకుండా ఈ విధానాన్ని తప్పనిసరి చేశారు. ఐదేళ్ళలో రాష్ట్రమంతటా 300 చదరపు కిలోమీటర్ల చల్లని పైకప్పులు సాధించడం లక్ష్యంగా పెట్టుకున్నారు. చిన్న మడిగెల భవనాన్ని కూడా లెక్కలోకి తీసుకున్న విధానంగా ఇది గమనించదగినది.

సౌర విద్యుత్ పలకలకు ఒక కిలోవాటుకు సుమారు 10 చదరపు మీటర్ల స్థలం కావాలి. దానినుండి రోజుకు సగటున నాలుగు యూనిట్ల విద్యుత్తు లభిస్తుంది. 100 చదరపు మీటర్ల పైకప్పులో సగం వాడితే రోజుకు సుమారు 20 యూనిట్లు వస్తాయి. దుకాణాలు పగలే ఎక్కువగా నడుస్తాయి కనుక ఉత్పత్తి, వాడకం ఒకే వేళకు కుదురుతాయి. పలకలకింద పడే నీడ స్లాబును కూడా చల్లబరుస్తుంది.

అగ్ని భద్రత

కింద దుకాణం, పైన ఇల్లు ఉండడంలో సౌకర్యంతోపాటు ప్రమాదం కూడా ఉన్నది. 2025 మే 18న చార్మినార్ సమీపంలోని గుల్జార్ హౌజ్ వద్ద కింద దుకాణాలు, పైన నివాసం ఉన్న భవనంలో జరిగిన అగ్ని ప్రమాదంలో 17 మంది మరణించారు. వారిలో చిన్న పిల్లలు కూడా ఉన్నారు. రాకపోకలకు ఇరుకైన మార్గమే ఉండడం ప్రాణనష్టం పెరగడానికి కారణమయినది. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో జరిగిన ప్రమాదంలో ఆరుగురు యువతీయువకులు పొగ వలన మరణించారు.

ఈ సంఘటనల దృష్ట్యా మడిగెల భవనానికి కొన్ని నియమాలు అత్యవసరం.

* నివాసపు మెట్లు దుకాణంలోనుండి కాక నేరుగా వీధిలోకి దిగాలి.
* మెట్లకింద మీటర్లు, ఇన్వర్టరు బ్యాటరీలు, సరుకు ఉంచరాదు. ఎలక్ట్రిక్ స్కూటర్లను అక్కడ చార్జింగు పెట్టరాదు.
* పైకప్పుకు వెళ్ళే తలుపుకు తాళం వేయరాదు. పొగ కమ్మినపుడు అది రెండవ దారి కాగలదు.
* కిటికీల ఇనుప ఊచలలో ఒకటైనా లోపలినుండి తెరుచుకునేదిగా ఉండాలి.
* బోర్డులు కిటికీలను మూయరాదు. నిచ్చెనతో వచ్చే అగ్నిమాపక సిబ్బందికి అదే దారి.

వీధికి తెరిచి ఉన్న ముఖం గాలికి, వెలుతురుకు, చూపుకు ఎంత అవసరమో ప్రాణరక్షణకు కూడా అంతే అవసరమని దీనినిబట్టి తెలుస్తుంది.

నియమావళి, రేటింగులు

హైదరాబాదుకు హరిత భవనాల చరిత్రలో ప్రముఖ స్థానం ఉన్నది. హైటెక్ సిటీ సమీపంలోని సి.ఐ.ఐ. సొరాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రాన్ని 2004 జూలై 14న అప్పటి రాష్ట్రపతి ఏ.పి.జె. అబ్దుల్ కలాం ప్రారంభించాడు. లీడ్ ప్లాటినం రేటింగు పొందిన ఈ భవనాన్ని కరణ్ గ్రోవర్ రూపొందించాడు. అమెరికా వెలుపల ఆ రేటింగు పొందిన మొదటి భవనంగా దీనిని పేర్కొంటారు. 2007లో గృహ అనే స్వదేశీ రేటింగు వచ్చినది.

ఇంధన పొదుపు భవన నియమావళిని ఉమ్మడి రాష్ట్రంలో 2014లో తప్పనిసరి చేశారు. 1,000 చదరపు మీటర్ల స్థలం గాని, 2,000 చదరపు మీటర్ల నిర్మాణం గాని ఉన్న వాణిజ్య భవనాలకు ఇది వర్తించేలా రూపొందించారు. కాలనీలో 200 గజాల ప్లాటు అంటే సుమారు 167 చదరపు మీటర్లు. అందులో మూడు అంతస్తులు కట్టినా మొత్తం సుమారు 300 చదరపు మీటర్లే. ఇటువంటి ఐదు భవనాలు కలిపినా నియమావళి పరిమితికి చేరవు. వందల కొద్దీ మడిగెల భవనాలున్న వీధి ఒక పెద్ద మాల్‌కంటే ఎక్కువ విద్యుత్తు వాడవచ్చును గాని, దానిలో ఏ ఒక్క భవనమూ ఈ లెక్కలోకి రాదు.

స్థలం చుట్టూ విడువవలసిన ఖాళీలు, ఎత్తు, పార్కింగు వంటి విషయాలను 2012లో జి.ఓ. 168 ద్వారా వచ్చిన భవన నియమాలు నిర్దేశించాయి. 2020లో తెలంగాణ చేసిన భవన అనుమతుల చట్టం స్వీయ ధృవీకరణకు ప్రాధాన్యం ఇచ్చినది. అందువలన నియమాలను పాటించే బాధ్యత యజమానిపైన, నక్షా గీసినవారిపైన మరింతగా పడినది.

ఆచరణలో ఇబ్బందులు

భవనం కట్టేది యజమాని, కరెంటు బిల్లు కట్టేది కిరాయిదారు. జాలీకో, మంచి పైకప్పుకో పెట్టిన ఖర్చు యజమానికి తిరిగి రాదు. కిరాయిదారు తనది కాని భవనంపై ఖర్చు చేయడు. ఈ కారణంగా తక్కువ ఖర్చుతో అయ్యే మేలు కూడా జరగకుండా పోతుంది. కిరాయి ఒప్పందంలోనే కరెంటు ఆదా విషయం చేర్చి, ఖర్చును ఇద్దరూ పంచుకొనుట ఒక మార్గం.

రెండవ ఇబ్బంది వసారాకు విడిచిన స్థలం. చదరపు అడుగు లెక్కన కిరాయి వచ్చే చోట, కిరాయి రాని వసారాను విడవడానికి యజమాని ఇష్టపడడు. విడిచినా కొద్ది నెలలకు దుకాణదారు దానిని షట్టరు ముందుకు జరిపి కలుపుకుంటాడు. వీధిలో ఒక్క భవనమే వసారా విడిస్తే నడిచేవారికి పెద్ద ఉపయోగం ఉండదు. పది భవనాలు వరుసగా ఒకే మట్టంలో విడిస్తే అది ఒక దారి అవుతుంది. పత్తర్‌గట్టిలో ఇది సాధ్యమైనది ఒకే సంస్థ వరుసంతా కట్టుటచేత. వేర్వేరు యజమానులున్న కాలనీ వీధిలో వర్తక సంఘమో, కాలనీ సంక్షేమ సంఘమో ముందుగా ఒక మట్టాన్ని, వెడల్పును నిర్ణయించుకోవాలి.

మూడవది పార్కింగు. ముందు ఖాళీ స్థలమంతా వాహనాలకు ఇస్తే నడిచేవారు రోడ్డుమీదికి వెళతారు. వాహనాలకు పక్కన లేదా వెనుక చోటు చూపడం, మెట్రో, బస్సులలో వచ్చేవారికి నడిచే దారి బాగుండేలా చూడడం అవసరం. మడిగెల గిరాకీలో నడిచి వచ్చేవారి వాటా తక్కువేమీ కాదు.

ఇతర దేశాలలో

సింగపూరులో 1822 నాటి రాఫెల్స్ నగర ప్రణాళిక ప్రకారం ప్రతి దుకాణ గృహం ముందు ఎడతెగని నీడ దారి ఉండాలని నిర్ణయించారు. సుమారు 1.5 మీటర్ల వెడల్పు కారణంగా దీనికి ఐదడుగుల దారి అని పేరు వచ్చినది. ప్రతి ఇంటివారూ తమ ముందు భాగాన్ని తామే కట్టినా, నియమం ఒక్కటే కావడం వలన వీధి పొడవునా దారి ఏర్పడినది. మలేషియాలోని పెనాంగ్‌లో కూడా ఇటువంటి దారులున్నాయి. ఇటలీలోని బొలోనా నగరంలో మొత్తం 62 కిలోమీటర్ల మేర ఉన్న వసారాలను 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది. ఇవన్నీ అధిక భాగం సొంత స్థలాలలో విడిచిన ప్రజల దారులే.

డెన్మార్క్‌కు చెందిన వాస్తుశిల్పి యాన్ గేల్ 1971లో ప్రచురించిన గ్రంథంలో భవనాల మధ్యనున్న జీవితమే నగరానికి ప్రాణమని వివరించాడు. సన్నని దుకాణాలు, ఎక్కువ ద్వారాలు ఉన్న వీధిలో మనుషులు నిదానంగా నడుస్తారని, ఎక్కువసేపు నిలుస్తారని అతని పరిశీలనలు తెలుపుతాయి. ఈ విధంగా చూస్తే పది అడుగుల మడిగెల వరుస పేదరికానికి గుర్తు కాదు. నీడ, మట్టం, దారి సరిగా ఉన్నపుడు అది మంచి వీధికి కావలసిన కొలతే.

ఇవి కూడా చూడండి

* పత్తర్‌గట్టి
* మొజంజాహీ మార్కెట్
* మన్సూరాబాద్
* దిల్‌సుఖ్‌నగర్
* ఇంకుడు గుంత
* లారీ బేకర్
* 1908 మూసీ వరదలు